అలిపిరి మెట్ల మీద అమ్మమ్మ ముడుపు

తిరుపతి రాని వాళ్ళు మనలో ఎవరుంటారు చెప్పండి! కానీ అలిపిరిలో బస్సు దిగి నిలబడిన వాళ్ళు తక్కువే. చాలామంది బస్సు కిటికీలోంచే గరుడ విగ్రహానికి దణ్ణం పెట్టుకుని, తనిఖీ అయ్యేదాకా పిల్లల్ని సముదాయించుకుని, ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్ళిపోతారు. పాతికేళ్ళుగా అలిపిరికి కూతవేటు దూరంలో కాపురముంటున్న నేను కూడా మొన్న మాఘమాసం దాకా ఆ మెట్లన్నీ ఎక్కలేదంటే నమ్ముతారా? వచ్చిన చుట్టాలకు పులిహోర కట్టిచ్చి సాగనంపడమే నా వంతు అనుకునేదాన్ని.

మాది గుంటూరు. ఇంటరు కాగానే పెళ్ళి చేసి ఇక్కడికి పంపారు. మా అమ్మకిప్పుడు డెబ్భై ఏడేళ్ళు. ఆవిడ రాత్రి రైలెక్కి మా ఇంటికి దిగిందంటే సంచిలో గోంగూర పచ్చడి, ఎండుమిరపకాయలు ఉండాల్సిందే. ఈసారి వాటి కింద చిన్న పసుపు గుడ్డ మూట ఒకటి కనబడింది. రంగు వెలిసి, అంచులు పీచులు పీచులుగా ఉంది. "ఏంటమ్మా ఇది?" అంటే, "మీ అమ్మమ్మ కట్టిన ముడుపే. నేను పుట్టిన నాడు కట్టింది. ఇప్పటిదాకా తీర్చలేదు. ఇంక నేనూ పోతే అడిగేవాళ్ళుండరు" అంది. నాకు నోట మాట రాలేదు.

అమ్మమ్మ మొక్కు ఏమిటంటే, అలిపిరి నుంచి కొండ దాకా మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కి, ముడుపు హుండీలో వెయ్యాలి. అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. గుండెకు మందులు వాడుతోంది. పెద్ద వయసు వాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడిచి ఎక్కవద్దని దేవస్థానం వాళ్ళే చెబుతుంటారు. అందుకని మెట్లు నేనెక్కేటట్టు, అమ్మను మా వారు బస్సులో తీసుకొచ్చేటట్టు ఒప్పందం చేసుకున్నాం. "మొదటి మెట్టు మటుకు నా చేత్తోనే పెడతా" అని అమ్మ పట్టుబట్టింది. సరే అన్నాను.

మీరెవరైనా ఇలాంటి మొక్కుతో వస్తే ఉపయోగపడుతుందని చెబుతున్నాను. మెట్లు 3,550. దారి తొమ్మిది కిలోమీటర్లు. మామూలుగా అయితే మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తారు. బొట్లు పెడుతూ ఎక్కితే తొమ్మిది గంటలు వేసుకోండి. అరకిలో పసుపు, అరకిలో కుంకుమ వేర్వేరు డబ్బాల్లో పోసుకుని, నడుముకు కట్టుకునే గుడ్డ సంచిలో పెట్టుకోవాలి. పసుపులో నాలుగు చుక్కలు నీళ్ళు కలిపితే గాలికి ఎగరదు. కొండమీద ప్లాస్టిక్ పనికిరాదు, అందుకని నీళ్ళకు స్టీలు సీసాయే. తినడానికి నేను పెరుగన్నం చేసుకెళ్ళాను. వేడి అన్నం మెత్తగా మెదిపి, పాలు పోసి, ఒక్క గరిటె పెరుగు కలిపి తాలింపు పెట్టాను. అన్నీ ఒకేసారి పెరుగుతో కలిపేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పాలు ఎక్కువ పోస్తే దారిలో తోడుకుని కమ్మగా ఉంటుంది.

తెల్లవారుజామున అయిదింటికి అలిపిరి చేరాం. మా పక్కింటి అక్క నాకు తోడు వచ్చింది. ఆవిడది చిత్తూరు. చలికి శాలువాలు కప్పుకున్న జనం, కొబ్బరికాయల బుట్టలు, కర్పూరం వాసన. పూలమ్మే ఆవిడ, "ఏం మా, మెట్ల పూజకా? ఇంకో పొట్లం కుంకం తీసకపోండి, సగం దోవలో అయిపోతే యాడ తెచ్చుకుంటారు?" అంటూ చేతిలో పెట్టింది. తీసుకున్నది మంచిదైంది, మూడు వేల మెట్లు దాటాక అదే ఆదుకుంది.

పాదాల మండపంలో స్వామివారి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. స్వామి రోజూ కొండ దిగి తిరుచానూరులో అమ్మవారిని చూసి వెళతారని, అందుకే పాదరక్షలు అరుగుతుంటాయని ఇక్కడి నమ్మకం. అమ్మ కూడా నెత్తిన పెట్టుకుని నెమ్మదిగా మూడు చుట్లు తిరిగింది. ఈ అలిపిరిలోనే ఒక చింతచెట్టు నీడన తిరుమలనంబి దగ్గర రామానుజులవారు రామాయణం విన్నారని పెద్దలు చెబుతారు. 'అడిపులి' అన్న అరవ మాటే అలిపిరి అయిందని కూడా అంటారు.

అమ్మ మొదటి మెట్టుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. తర్వాత నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ తలయేరు గుండు దాకా వచ్చింది. ఆ బండకు తల, మోకాళ్ళు ఆనిస్తే ఎక్కేటప్పుడు నొప్పులుండవట. నేను తల, మోకాళ్ళు రెండూ ఆనించాను. అమ్మ దాని పక్కనే కూలబడి, ముడుపు ఒళ్ళో పెట్టుకుని, ఇన్నేళ్ళూ నాకు చెప్పని కథ చెప్పింది.

అమ్మకు ముందు అమ్మమ్మకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. గుంటూరుకు అయిదు కోసుల దూరాన పల్లె. పురుడు పోసేది మంత్రసాని. కొడవలితో బొడ్డు కొయ్యడం, చీకటి గది, కుంపటి పొగ. మూడోసారి నొప్పులు రెండు రోజులైనా బిడ్డ రాలేదు. పట్నంలో డాక్టర్లు లేక కాదు. మగ డాక్టరు చెయ్యి వెయ్యడానికి వీల్లేదని అమ్మమ్మ అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "గుంటూరులో తెల్లబట్టల సిస్టరమ్మల ఆసుపత్రి ఉంది, అక్కడ డాక్టరు కూడా ఆడమనిషే" అని ఎవరో చెబితే, "ఆ మతం వాళ్ళ దగ్గర పురుడా!" అని ఇంకా మండిపడింది. ఎన్నడూ తల్లికి ఎదురు చెప్పని మా తాతయ్య ఆ రాత్రి మాట్లాడకుండా బండి కట్టాడు. అమ్మమ్మ పమిట చెంగు చింపి, పసుపు నీళ్ళలో ముంచి, ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయి కట్టి, "బిడ్డ బతికి బట్టకడితే మెట్లెక్కి వస్తా స్వామీ" అని మొక్కుకుంది. అది 1948.

తెల్లవారుతుండగా గుంటూరు సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి చేరారు. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదట, నీలిరంగులో ఉందట. సిస్టరమ్మ కాళ్ళు పట్టుకుని తట్టి, నోట్లో ఉన్నది తీసి, ఏం చేసిందో ఏమో, కాసేపటికి కేర్‌మంది. ఆ బిడ్డే మా అమ్మ. పది రోజులు అక్కడే ఉంచుకున్నారు. బొడ్డు ఎలా శుభ్రం చెయ్యాలో, పాలెలా పట్టాలో నేర్పారు. వచ్చేటప్పుడు మెత్తటి చంటిపిల్లల గుడ్డలు అరడజను చేతిలో పెట్టారు. మతం మారమని గానీ, ఇంత ఇమ్మని గానీ అమ్మమ్మను ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక అత్తగారు తల్లికీ బిడ్డకూ గుమ్మం బయటే నీళ్ళు పోయించి, ఆ గుడ్డలన్నీ ఊరి బయట పారేయించింది. ఆపైన ఆసుపత్రి మాట ఇంట్లో ఎత్తకూడదంది. "వెంకన్న ఇచ్చిన బిడ్డ" అనే చెప్పుకున్నారు. అబద్ధం కాదు గానీ సగం మాటే చెప్పారు. తాతయ్య తొందరగా పోవడం, అప్పులు, పొలం అమ్మకం, వీటితో అమ్మమ్మ మొక్కు ఏటికేడు వాయిదా పడి, చివరికి ఆవిడా వెళ్ళిపోయింది. పోయే ముందు ముడుపు అమ్మ చేతిలో పెట్టి, "స్వామికి ఇది ఇవ్వాలి. ఆ తెల్లబట్టల తల్లికి మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను" అందట.

అమ్మ బస్సెక్కడానికి కిందికి దిగింది. నేను వంగి బొట్టు పెట్టడం, నిలబడడం, మళ్ళీ వంగడం. మొదటి రెండు మూడు వందల మెట్లు హుషారుగానే సాగాయి. చేతులు పసుపులో ఉన్నా మనసు మాత్రం గుంటూరులోనే ఉంది. ఆ తెల్లబట్టల తల్లి ఎవరు? ఇల్లు చేరాక అడిగీ, చదివీ తెలుసుకున్నది మీకు ఇక్కడే చెబుతాను. ఎందుకంటే ఇప్పుడు ఆ మెట్లు తలచుకుంటే ఆవిడ కథ వాటితో కలిసే గుర్తొస్తోంది.

ఆవిడ పేరు మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 1887 జూన్ 23న పుట్టింది. తొమ్మిది మంది సంతానంలో ఒకతె. మన దగ్గర ఆడపిల్ల అక్షరం నేర్వడమే గొప్పగా ఉన్న రోజుల్లో స్కాలర్‌షిప్ మీద చదివి, మెల్‌బోర్న్ యూనివర్సిటీలో 1910లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. మెల్‌బోర్న్‌లో కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ, సొంత ప్రాక్టీసు కూడా పెట్టుకుంది. పేరూ డబ్బూ వస్తున్నాయి. 1915లో ఒకరోజు ఒక చిన్న పుస్తకం ఆవిడ చేతిలో పడింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు లేడీ డాక్టరు గురించిన పుస్తకం అది. మగ డాక్టరుకు చూపించుకోలేని మన దేశపు ఆడవాళ్ళు వైద్యం అందక ఎలా చనిపోతున్నారో, పుట్టిన పసికందులు ఎందరు పోతున్నారో అందులో ఉంది. ఆ పుస్తకం చదివి మోకాళ్ళ మీద కూర్చుండిపోయిందట. ఇక తన పని ఇండియాలోనే అని ఆ రోజే నిర్ణయించుకుంది.

మనమైతే ఏం చేస్తాం? కాసేపు కళ్ళు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళతాం. ఆవిడ యుద్ధం వల్ల వెంటనే బయలుదేరలేక, ఉన్న నాలుగేళ్ళూ ఊరికే కూర్చోలేదు. 1916లో అక్కడి క్యాథలిక్ స్త్రీల సంఘానికి మొదటి అధ్యక్షురాలైంది. ఇంకో పక్క స్త్రీల వైద్యం, కాన్పులు, కంటి వైద్యం మళ్ళీ చదివి 1919లో ఎండీ చేసింది. అంటే మన ఆడవాళ్ళకు ఏం కావాలో అదే నేర్చుకుని బయలుదేరిందన్నమాట. 1920 జనవరి 21న ఓడెక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరింది. అప్పుడు ఆవిడకు 32 ఏళ్ళు. మళ్ళీ పుట్టింటి గడప చూడలేదు.

గుంటూరులో జె.ఎం.జె. సిస్టర్లనే డచ్చి దేశపు కన్యాస్త్రీలు 1904 నుంచీ ఉన్నారు. చిన్న మందుల కొట్టు లాంటిది నడుపుతున్నారు. ఈవిడ వాళ్ళ మఠంలోనే చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు పెట్టుకుంది. ఇక్కడ మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కన్యాస్త్రీలు డాక్టరీ చెయ్యడానికి, ముఖ్యంగా కాన్పులు చెయ్యడానికి వాళ్ళ మత నియమాలు ఒప్పుకునేవి కావు. ఈవిడకు పోపుగారి దగ్గర నుంచి ప్రత్యేకంగా అనుమతి రావలసి వచ్చింది. అందరు సిస్టర్లకూ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. చూశారా! పల్లెలో అమ్మమ్మ అత్తగారికి ఒక కట్టుబాటు ఉన్నట్టే సముద్రాల అవతల వాళ్ళకూ కట్టుబాట్లున్నాయి. ఎక్కడైనా బిడ్డ బతకాలంటే ఎవరో ఒకరు ఆ కట్టుబాటు దాటాలి. ఇంట్లో తాతయ్య దాటాడు, అక్కడ ఈ డాక్టరమ్మ దాటింది.

గాలిగోపురం చేరేసరికి రెండు వేల మెట్లు దాటాయి. నడుము విరిగిపోతోంది. కింద తిరుపతి ఊరంతా తెల్లటి పొగమంచులో బొమ్మల కొలువులా ఉంది. పెరుగన్నం విప్పాం. తింటూ పక్కింటి అక్కకు మా అమ్మమ్మ సంగతి చెప్పాను. ఆవిడ, "మా పక్క కూడా అట్లే కదా జరిగింది! మా నాయనమ్మ కాలంలో ఏ జబ్బయినా రాయవేలూరు పోవాల్సిందే" అని ఇంకో కథ ఎత్తుకుంది.

రాయవేలూరు ఆసుపత్రి చిత్తూరు జిల్లాలో తెలియని ఇల్లుండదు. దాన్ని పెట్టిన ఐడా స్కడర్ అమెరికా మిషనరీల ఆడపిల్ల. డాక్టరు కావాలని ఆమెకేమీ లేదు. తిండివనంలో అమ్మానాన్నల దగ్గర ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చారట. ముగ్గురి భార్యలూ నొప్పులు పడుతున్నారు. ఐడా తండ్రి డాక్టరే. కానీ మగవాడు వద్దు, నువ్వు రామ్మా అన్నారు. ఆ పిల్లకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురూ చనిపోయారు. అప్పుడు వెళ్ళి డాక్టరీ చదివి వచ్చి, 1900 నుంచీ వేలూరులో వైద్యం మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లలకే వైద్య పాఠశాల తెరిచింది. ఆవిడ ప్రొటెస్టెంటు, గుంటూరు సిస్టరమ్మ క్యాథలిక్కు. ఇద్దరినీ కదిలించింది మాత్రం గుమ్మం దాటలేని మన ఆడవాళ్ళ కష్టమే.

"మూడు రోజులు ఏడ్చి మర్చిపోకుండా చదివింది సూడు, అదీ మొగమాటం లేని మనిషంటే" అంది అక్క, చేతులు కడుక్కుంటూ.

గాలిగోపురం దాటాక దారి కొంత చదునుగా ఉంటుంది. జింకల పార్కు దగ్గర పిల్లలు ఆగిపోతారు. ఇక్కడ జాగ్రత్త చెప్పాలి. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుతపులి ఒక చిన్నారిని ఎత్తుకుపోయి చంపేసింది. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్ళకు వేళలు పెట్టారు, చేతికి కర్రలిచ్చారు. పిల్లల చెయ్యి వదలకండి. గుంపుతోనే నడవండి. ఆ తల్లిని తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

బొట్లు పెడుతూ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వద్దాం. చాలా ఏళ్ళు ఆ ఆసుపత్రికి ఆవిడొక్కరే డాక్టరు. పొద్దున లేస్తే గుమ్మం ముందు ఎడ్లబండ్లు. కాన్పులు, కళ్ళు, పుళ్ళు, జ్వరాలు అన్నీ ఆవిడే. ఒక్క మనిషి ఎందరిని చూడగలదు? అందుకని మన అమ్మాయిలకే నర్సు పని, పురుళ్ళు పొయ్యడం, మందులు కలపడం నేర్పింది. పట్నంలో నేర్చుకున్న ఆ అమ్మాయిలు ఎక్కడికి వెళ్ళినా చేతులు కడుక్కునే పద్ధతి, బొడ్డు కోసే పద్ధతి వెంట తీసుకెళ్ళారు. మా అమ్మ పుట్టిన నాడు ఆ గదిలో నిలబడింది డాక్టరమ్మే అయినా, ఆవిడ చేతి కింద తయారైన నర్సమ్మే అయినా, అమ్మ ఊపిరి ఆవిడ పెట్టిన భిక్షే.

1943లో ఇంకొందరు సిస్టర్లను కూడగట్టి దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టింది. ఒకరికొకరు సాయపడాలని, కొత్త వాళ్ళకు మంచి చదువు చెప్పించాలని. ఆ సంఘం ఇప్పుడు సికింద్రాబాద్ కేంద్రంగా నడుస్తోంది. 3,000కు పైగా సంస్థలున్నాయి అందులో. మన దేశంలో క్యాథలిక్ వైద్య కళాశాల ఉండాలని ఆవిడ కల. అది చూడకుండానే క్యాన్సరుతో బాధపడి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూసింది. ఆ బెంగుళూరులోనే ఆరేళ్ళ తర్వాత, 1963లో, సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది. 2013లో చర్చి ఆవిడను 'దైవసేవకురాలు'గా ప్రకటించింది. పునీతురాలుగా గుర్తించే దారిలో అది మొదటి మెట్టు అట. మెట్టు అన్న మాట వినగానే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

ఇక మోకాళ్ళ మెట్టు. ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది దాని సంగతి. నిట్టనిలువుగా ఉంటాయి. రామానుజులవారు ఈ కొండ పవిత్రమని కాలు మోపకుండా మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ కొందరు మోకాళ్ళతోనే ఎక్కుతారు. నేను సగంలో కూర్చుండిపోయాను. కాళ్ళు వణుకుతున్నాయి. వంగితే కళ్ళు తిరుగుతున్నాయి. "ఇంక చాలు అక్కా, మిగతా మెట్లకు దూరం నుంచే దణ్ణం పెట్టేస్తా. స్వామి ఏమనుకోడులే" అన్నాను. అక్క నా పక్కన కూర్చుని ఏమీ అనకుండా సీసా మూత తీసి ఇచ్చింది. నా ముందు నుంచి ఒక అమ్మాయి చంకలో ఆరునెలల పిల్లనేసుకుని, మోకాళ్ళు ఆనిస్తూ ఎక్కిపోతోంది. ఆ పిల్ల నావైపు చూసి బోసినోటితో నవ్వింది. అమ్మ కూడా ఆ వయసులో అలాగే ఉండి ఉంటుంది కదా అనిపించింది. అమ్మ ఆ రోజు ఏడవకపోతే నేనెక్కడున్నాను, ఈ మెట్లెక్కడున్నాయి? పొట్లం విప్పాను. పూలమ్మి ఇచ్చిన కుంకం అదే.

రెండున్నరకు పైకి చేరాం. అమ్మ మా వారితో చెట్టు నీడన కూర్చుని ఉంది. నా చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉంటే, రెండూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. "అన్నిటికీ పెట్టావా?" అని మాత్రం అడిగింది. "అన్నిటికీ పెట్టానమ్మా. సగంలో మానేద్దామనుకున్నా, కానీ పెట్టాను" అని నిజమే చెప్పాను.

కళ్యాణకట్టలో అమ్మ మూడు కత్తెరలిచ్చింది. దర్శనమయ్యాక ముడుపు హుండీలో వెయ్యబోతూ ఒక్క క్షణం ఆగింది. ముడి విప్పి రూపాయి మాత్రం వేసి, పసుపు గుడ్డ కొంగున కట్టుకుంది. ఎందుకో నేనడగలేదు.

రాత్రి భోజనానికి తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనానికి వెళ్ళాం. స్వామి సన్నిధిలో ఉచిత అన్నదానం 1985లో మొదలైంది. ఈ పెద్ద భవనం 2011లో తెరిచారు. వెంగమాంబ కూడా ఈ పక్క అమ్మాయే. తరిగొండలో పుట్టి, చిన్నతనంలోనే భర్త పోతే, తల గొరిగించుకోనని ఊరినెదిరించి, తిరుమల చేరి, జీవితమంతా పద్యాలు రాస్తూ స్వామి సేవలోనే గడిపి, 1817లో ఇక్కడే సమాధి అయింది. ఇప్పటికీ రోజూ రాత్రి ఏకాంత సేవలో ఆవిడ పేరుతో ముత్యాల హారతి ఇస్తారు. వేడివేడి అన్నం, సాంబారు వడ్డిస్తుంటే అమ్మ గోడ మీద ఆ పేరు చదివి, "ఈవిడకు స్వామి గుడిలో హారతి దక్కింది, ఊరంతటికీ ఈవిడ పేరు మీద అన్నం పెడుతున్నారు. నా ప్రాణం పోసిన తల్లికి మనింట్లో పేరెత్తకూడదన్నారు. నేను గుంటూరులోనే పుట్టి, పెరిగి, ముసలిదాన్నయ్యాను. వారానికోసారి రిక్షాలో ఆ ఆసుపత్రి ముందు నుంచే బజారుకు వెళ్ళేదాన్ని. ఒక్కనాడూ లోపలికి వెళ్ళి, నేను ఇక్కడ పుట్టానండీ అని చెప్పలేదు" అంది. ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళల్లో నీళ్ళు.

మా వారు మెల్లగా, "ఇప్పుడు చెప్పొచ్చుగా అత్తయ్యా. ఆసుపత్రి అక్కడే ఉందిగా" అన్నారు.

ఇంటికి దిగిన మర్నాడు నా మోకాళ్ళకు ఆవనూనెలో కర్పూరం వేసి కాచి మర్దనా చేసింది అమ్మ. ఆ తర్వాత బీరువా తెరిపించి, "నీ పాత నేత చీరలు తియ్యి. బాగా ఉతికి మెత్తబడ్డవి కావాలి. సిల్కూ పాలిస్టరూ పనికిరావు" అంది. చంటిపిల్లల గుడ్డలు ఎలా కుట్టాలో మీకు తెలిసే ఉంటుంది. అయినా అమ్మ పద్ధతి చెబుతాను. చీర నాలుగైదుసార్లు ఉతికి, మరిగే నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరెయ్యాలి. ముప్పాతిక గజం చదరం ముక్కలు కోసి, అంచు పల్చగా ఒక్క మడత మాత్రమే మడిచి కుట్టాలి. లావు మడతలైతే పసిపిల్లల ఒంటికి ఒరుసుకుంటాయి. కుట్టు బయటివైపే ఉండాలి. గుండీలు, లేసులు వద్దు.

నాలుగు రోజుల్లో నా మిషను మీద ఆరు డజన్లు కుట్టింది. "అరడజనిచ్చారు వాళ్ళు. మా నాయనమ్మ పారేయించింది. వడ్డీతో కలిపి ఇద్దాం" అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగున కట్టుకున్న పసుపు గుడ్డ విప్పి, ఆ కట్ట పైన చుట్టి ముడి వేసింది. స్వామి ముడుపు గుడ్డే ఇప్పుడు సిస్టరమ్మల ముడుపు అయింది.

వచ్చే వారం అమ్మతో నేనూ గుంటూరు వెళుతున్నాను. అక్కడ ఏమనాలో అమ్మ రోజుకోలా అనుకుంటోంది. నిన్న రాత్రి పడుకునే ముందు మాత్రం, "ఏమీ అనక్కర్లేదులే. ఇక్కడే పుట్టానమ్మా, బతికే ఉన్నాను అంటే చాలు" అంది.

మీరు కూడా ఈ పేజీ మడిచి పక్కన పెట్టే ముందు మీ అమ్మగారికి ఒక ఫోను చెయ్యండి. మీరు పుట్టినప్పుడు మిమ్మల్ని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఎవరో అడగండి. మంత్రసాని కావచ్చు, ఊరి నర్సమ్మ కావచ్చు, సిస్టరమ్మ కావచ్చు. పేరు గుర్తుంటే రాసి పెట్టుకోండి. మా అమ్మమ్మలా ఆలస్యం చెయ్యకండి.